గోధుమ తవుడుకు జరిగిన అన్యాయం

పేగులకు దీర్ఘకాలం వాపు తెచ్చే క్రోన్స్ వ్యాధి మీద షాంఘై పరిశోధకులు జరిపి 2014లో ప్రకటించిన ఒక ప్రయోగంలో గోధుమ తవుడుకు తీరని అన్యాయం జరిగిందని, దానిని సరిదిద్దడానికి ఇంతవరకు ఏ దేశ వైద్యమండలీ ముందుకు రాలేదని తీవ్ర విచారంతో మనవి చేసుకుంటున్నాను.

మాక్సిబస్టియన్ అనే చైనా వైద్యంలో మాచిపత్రి జాతికి చెందిన ఒక ఆకును ఎండబెట్టి, దంచి, దూదిలా చేసి, శరీరం మీద నిర్ణీత స్థానాల దగ్గర కాల్చి ఆ వేడిని చర్మానికి తగిలిస్తారు. వినాయక చవితినాడు ఇరవై ఒక్క పత్రులలో అగ్రస్థానం పొందే మన మాచిపత్రికి ఆ ఆకు దగ్గరి చుట్టమే. మనం నీళ్లలో కలుపుతాం, వారు నిప్పంటిస్తారు. పేగుల జబ్బుకైతే బొడ్డుకు ఇరువైపులా ఉండే ‘తియెన్‌షూ’ స్థానాల మీద మూలికల పొడితో చేసిన బిళ్లను పెట్టి, దాని మీద ఆకు ముద్దను వెలిగిస్తారు. పొగ లేస్తుంది, పొట్ట వెచ్చబడుతుంది, చర్మం ఎర్రబడుతుంది. తనకు వైద్యం జరుగుతున్నదన్న విషయంలో రోగికి రవ్వంత అనుమానం కూడా మిగలదు.

పరిశోధకుల చిక్కంతా అక్కడే వచ్చింది. మాత్రకైతే ఉత్తుత్తి మాత్ర ఉంటుంది, నిప్పుకు ఉత్తుత్తి నిప్పును ఎక్కడినుంచి తెస్తారు? అందుకని ఆ ప్రయోగంలోని 92 మంది రోగులలో సగం మందికి మూలికల బిళ్ల మీద ఆకు కాల్చి, ఆక్యుపంక్చర్ సూదులు గుచ్చి, మిగతా సగానికి గోధుమ తవుడు బిళ్ల మీద అదే ఆకు కాల్చి, సూదులను మాత్రం పైపైన తాకించి పన్నెండు వారాలు నడిపించారు. చివరికి లెక్క తీస్తే మూలికల పక్షాన మెరుగుదల ఎక్కువగా కనిపించిన మాట నిజమే గాని, తవుడు పక్షంలోనూ వ్యాధి తీవ్రత చెప్పుకోదగినంత తగ్గింది. ఏ గుణమూ లేదన్న ఏకైక అర్హతతో ఉద్యోగంలో చేరిన తవుడు ఇంత పని చేసి చూపిస్తే దానికి దక్కిన బిరుదు ‘పోలిక వర్గం’. ఆ మెరుగుదల తవుడుదా, దాని మీద కాలిన ఆకుదా, వెచ్చదనానిదా, వారానికి మూడుసార్లు ఎవరో ఒకరు శ్రద్ధగా పొట్ట చూసినందుకా, లేక ఎగుడుదిగుళ్లతో నడిచే ఆ జబ్బు తనంతట తాను కాస్త నెమ్మదించిందా అన్న విచారణ జరగకుండానే సన్మానం మూలికలకు వెళ్లిపోయింది.

తగాదా అంతటితో తేలలేదు. 2022లో అదే నగరం నుంచి మరో ప్రయోగం వచ్చింది. మందులకు లొంగని 66 మంది క్రోన్స్ రోగులలో నిజమైన సూదులు, వేడి అందుకున్న 33 మందిలో 14 మందికి, నటన చికిత్స అందుకున్న 33 మందిలో నలుగురికి పన్నెండు వారాలకు వ్యాధి సద్దుమణిగింది. ఈ తేడాను కొట్టిపారేయడానికి నాకు మనసొప్పదు. కానీ సూదీ నిప్పూ ఒకే పల్లకిలో ఊరేగాయి కనుక దండ ఎవరి మెడలో వేయాలో తెలియదు. పెద్దపేగులో పుండ్లు పడే అల్సరేటివ్ కొలైటిస్ విషయానికి వస్తే, 2010లో కొరియా పరిశోధకులు వెతికి వెతికి పట్టుకున్న ప్రయోగాలు అయిదు. వాటి నాణ్యత చూసి, ఏమీ తేల్చలేమని వారు చేతులెత్తేశారు.

ఎలుకల లోకంలో మాత్రం ఇలాంటి సందిగ్ధాలు లేవు. ముందుగా ఏదో రసాయనంతో వాటి పెద్దపేగును పుండు చేసి, తరువాత వాటి పొట్ట మీద వేడి పెడితే, వాపును రేపే టీఎన్ఎఫ్ ఆల్ఫా అనే పదార్థం తగ్గినట్లు, పేగు లోపలి పొర అతుకులు మళ్లీ బిగిసినట్లు పరిశోధకులు రాశారు. చర్మంలో వేడిని పసిగట్టే నాడుల ద్వారా ఈ కబురు లోపలికి చేరుతుందన్నది వారి ఊహ. ఊహ బాగానే ఉంది. ఈ పేగు జబ్బులకు ఇచ్చే ఖరీదైన ఇన్‌ఫ్లిక్సిమాబ్ ఇంజెక్షన్ అడ్డుకునేది కూడా ఆ టీఎన్ఎఫ్‌నే కాబట్టి, ఇంజెక్షన్ మానేసి ఆ ఆకుతో చుట్టిన కడ్డీ వెలిగిస్తే సరిపోతుందని తేల్చేయడానికి అమ్మకందారులకు క్షణం పట్టలేదు.

ఈ మొక్కల కుటుంబంలో వేడి గురించి పాత తగువు ఒకటి ఉంది. నాలుగో శతాబ్దపు చైనా వైద్యుడు గే హోంగ్ జ్వరానికి దీని చుట్టపు మొక్కను నీళ్లలో నానబెట్టి, పిండి, రసం తాగమన్నాడు. ఆయన భార్య బావో గూ ఆకును కాల్చి వైద్యం చేయడంలో పేరు పొందింది. భర్త మాటను పదహారు వందల ఏళ్ల తరువాత చదివిన చైనా శాస్త్రవేత్త తూ యోయో, వేడి మందును పాడుచేస్తోందేమోనని అనుమానించి, తక్కువ వేడికే మరిగే ఈథర్‌తో సారం తీసి, మలేరియా మందు సాధించి 2015లో నోబెల్ అందుకున్నారు. భార్య పక్షాన ఇంకా అంతటి సాక్ష్యం రాలేదు గాని, వ్యాపారం మాత్రం దివ్యంగా సాగుతోంది.

ఆ వ్యాపారానికి మూలపురుషుడు ప్రాచీన చైనా తత్వవేత్త మెన్షియస్ అనుకోవాలి. ఏడేళ్ల జబ్బుకు మూడేళ్లు నిలవ చేసిన ఆకును ఇప్పుడు వెతుక్కున్నట్లుందని ఆయన ఎత్తిపొడిచింది మంచితనం ముందుగా కూడబెట్టుకోని రాజులను. ఆ ఎత్తిపొడుపును మందుచీటీగా చదువుకున్నవారు మూడేళ్లది, అయిదేళ్లది, పదేళ్లది అంటూ పొట్లాలకు వయసును బట్టి ధర కడుతున్నారు. క్రోన్స్, కొలైటిస్ లాంటి, మలంలో రక్తం పడే పేగు వాపు జబ్బులైన ఐబీడీకీ, వాపూ రక్తమూ లేకుండా పేగు ఇబ్బంది పెట్టే ఐబీఎస్‌కూ ఒకే పొట్లం చాలంటారు. పేగు వాపు తగ్గించే మెసలమైన్ మాత్ర మానవద్దని రాసిన పొట్లం మాత్రం, దాని వయసెంతైనా సరే, నా కంట పడలేదు.