'ఇంకొక్క పట్టు' గారికి బహిరంగ లేఖ

మహారాజశ్రీ ఇంకొక్క పట్టు గారికి,
ప్లగ్ పానా వెనక, జీఐ పైపు ముక్కలో,
జవహర్ ఆటోనగర్, విజయవాడ.

ఉభయకుశలోపరి అని రాద్దామంటే చెయ్యి రావడం లేదు. మీరు వచ్చి వెళ్లిన చోట బండి స్పార్క్ ప్లగ్ సగం పానాలో, మిగతా సగం ఇంజిను నెత్తిన ఉండే హెడ్‌లో ఉంటుంది. అందులో కుశలం ఎక్కడ వెతకమంటారు?

మీ పరపతి తెలియనిది కాదు. ఆర్‌ఎక్స్ 100 అయినా, షెడ్డులో ఏళ్ల తరబడి నిద్రపోయిన యెజ్డీ అయినా, ప్లగ్ కదలకపోతే చుట్టూ మూగిన నలుగురూ మీ పేరే తలుస్తారు. "ఇంకొక్క పట్టు పట్టరా, వచ్చేస్తుంది!" వస్తుంది, కాదనం. ఒక్కోసారి హెడ్‌లోని త్రెడ్‌ని, అంటే మర చుట్లని కూడా స్ప్రింగులా చుట్టుకుని మరీ వస్తుంది.

ప్లగ్ మొండిదని మీరు చేసే ప్రచారం అన్యాయం. ప్లగ్ ఒళ్లు ఇనుము, హెడ్ అల్యూమినియం. రెంటి మధ్య నీళ్లు చేరితే అల్యూమినియం తినుకుపోయి తెల్లటి పొడి అవుతుంది. ఆ పొడికి చోటు చాలక త్రెడ్‌ని బిగించేస్తుంది. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి సింగ్‌నగర్ మునిగినప్పుడు నీళ్లలో నిలబడ్డ బండ్లకు ఈ జబ్బు రావడానికి ప్లగ్ ఏం పాపం చేసింది?

రెండో కారణం మసి. ఎన్‌జీకే కంపెనీ ప్లగ్ నంబరులో 'హెచ్' ఉంటే త్రెడ్ పొడవు 12.7 మిల్లీమీటర్లు, 'ఈ' ఉంటే 19. హెచ్ పెట్టాల్సిన చోట ఎవరో మహానుభావుడు ఈ పెడితే చివరి ఆరు మిల్లీమీటర్లు మంటలోకి దిగి మసి పట్టి రాయిలా తయారవుతాయి. పిస్టన్ దానికి తగలకపోతే అది బండి యజమాని అదృష్టం. ఈ రకాన్ని గుర్తుపట్టడం తేలికే: ప్లగ్ మొదట వదులై, కొంత దూరం హాయిగా తిరిగి, తర్వాత బిగుసుకుంటుంది. సరిగ్గా అక్కడే మీరు చొక్కా చేతులు మడిచి రంగంలోకి దిగుతారు.

మీరు లేకుండా పని ఎలా అవుతుందో చెబితే కోపం రావచ్చు. అయినా వినండి. ప్లగ్‌ని కదిలించక ముందే దాని చుట్టూ ఉన్న గుంటలో ఇసుకనీ దుమ్మునీ గాలి కొట్టి ఊదేయాలి. లేకపోతే అదంతా నేరుగా సిలిండర్‌లోకి పోతుంది. ఇంజిను చల్లగా ఉండగానే తుప్పు వదిలించే స్ప్రే నాలుగు చుక్కలు ప్లగ్ మొదలు దగ్గర నిలిచేలా వేసి రాత్రంతా వదిలేయాలి. స్ప్రే దొరక్కపోతే డీజిల్ కూడా కొంత నయం. పొద్దున్నే మళ్లీ వేసి, పానాని ప్లగ్ మీద కూర్చోబెట్టి, దాని నెత్తిన చిన్న సుత్తితో పది పన్నెండు సార్లు తట్టాలి. తట్టడమే, కొట్టడం కాదు. ప్లగ్ పైనున్న తెల్లటి పింగాణీకి మాత్రం సుత్తి తగలకూడదు.

తర్వాత వేడి. అల్యూమినియం ఇనుము కన్నా దాదాపు రెట్టింపు వ్యాకోచిస్తుంది. హెడ్ ఇంకో 40 డిగ్రీలు వేడెక్కితే 14 మిల్లీమీటర్ల రంధ్రంలో వచ్చే తేడా వెంట్రుక మందంలో పదో వంతు కూడా ఉండదు. కానీ ఆయిల్ లోపలికి పాకడానికి అంత సందు చాలు. బండి స్టార్టయితే ఐదు నిమిషాలు నడపండి. కాకపోతే మరిగే నీళ్లలో ముంచిన గుడ్డని హెడ్‌కి చుట్టండి. చెయ్యి పెట్టి ఓర్చుకోగలిగేంత వేడి చాలు, అంతకు మించితే మెత్తబడ్డ అల్యూమినియం త్రెడ్ గీరుకుపోతుంది. పెట్రోల్ ట్యాంకు కింద గ్యాస్ మంట పెట్టే శిష్యులు మీకు ఉన్నారు. వాళ్ల గురించి వేరే ఉత్తరం రాస్తాం.

పానా ఆరు అంచులది కావాలి. ఆర్‌ఎక్స్ ప్లగ్‌కి 21 నంబరు. పన్నెండు అంచులది అరిగిన మూలల మీద జారుతుంది. టీ హ్యాండిల్‌ని రెండు చేతులా సమానంగా తిప్పాలి. పిడికి పైపు తొడిగి ఒక్క వైపే లాగితే పానా వాలి, మొదట పింగాణీ విరుగుతుంది. మంచి ప్లగ్ వదిలేటప్పుడు 'టక్'మని చిన్న చప్పుడు వస్తుంది, ఆపైన చేతికి తేలికవుతుంది. చప్పుడు లేకుండా పానా మెత్తగా కదిలి, చెయ్యి వదిలితే కాస్త వెనక్కి వస్తే ప్లగ్ ఊడటం లేదు, మెలితిరుగుతోంది. అప్పుడు ఆగాలి. కదిలిందీ నిజమే అయితే అర పావు చుట్టు విప్పి, మళ్లీ బిగించి, రెండు చుక్కల ఆయిల్ వేసి, ఇంకో అర పావు. విసుగు పుట్టే పనే. మీ లాంటి పెద్దవాళ్లకు ఇంత ఓపిక ఉండదని తెలుసు.

మీరు విరగ్గొట్టాక కథ వేరు. హెడ్ విప్పాలి, విరిగిన ముక్కని పట్టి తీసే ఎడమ త్రెడ్ ఎక్స్‌ట్రాక్టర్ దింపాలి, త్రెడ్ పోయుంటే లేత్ పని చేసేవాళ్ల దగ్గర కొత్త త్రెడ్ ఉన్న బుష్ వేయించాలి. హెడ్ బండి మీదే ఉంచి త్రెడ్ కోసే ట్యాప్ దింపితే ముక్కలు సిలిండర్‌లోకి రాలతాయి. ట్యాప్ గాడుల్లో గ్రీజు నింపితే కొన్ని అంటుకుంటాయి, అన్నీ కాదు.

కొత్తది పెట్టేటప్పుడు కూడా మీరు దూరంగా ఉండాలి. రెండు మూడు చుట్లు వేళ్లతోనే తిరగాలి, లేకపోతే త్రెడ్ అడ్డం పడుతున్నట్టే. 14 మిల్లీమీటర్ల కొత్త ప్లగ్ వాషర్ ఆనాక అర చుట్టు చాలు. బిగింపు కొలిచే టార్క్ పానా ఉంటే 25 న్యూటన్ మీటర్లు. త్రెడ్‌కి జిడ్డు పూసి అదే టార్క్ పెడితే బిగింపు ఎక్కువైపోతుంది. పూత వేసి వచ్చే కొత్త ప్లగ్‌లకు ఆ జిడ్డు అసలు అక్కర్లేదు.

మీ బలం వృథా అవుతుందని బాధపడకండి. వెనక చక్రం యాక్సిల్ నట్టు ఇనుము మీద ఇనుమే, కాస్త గట్టిగా లాగినా తట్టుకుంటుంది. అక్కడికి దయచేయండి.

ఇట్లు,
హెడ్ ఇంకా బాగున్న బండ్ల తరఫున

తా.క.: స్ప్లెండర్ ప్లగ్ 10 మిల్లీమీటర్లదే, పానా 16 నంబరు. దానికి 12 న్యూటన్ మీటర్లు దాటితే ఎక్కువ. ఆర్‌ఎక్స్ మీద నేర్చిన చేతిని దాని మీద ప్రయోగించవద్దు.