గుంటూరు ప్రేమకథలో దేవుడు, రిజిస్ట్రారు

భూస్వామి కూతురు, పాలేరు కొడుకు ప్రేమించుకుంటారు. కథ పొడవునా ఊరు అడ్డుపడుతుంది. చివరి అధ్యాయంలో ఎవరో పెద్దాయన దేవుడి ముందు అందరూ సమానమే అంటాడు, తండ్రి మనసు కరుగుతుంది, పెళ్లి జరిగిపోతుంది. భక్తిని ఆధారం చేసుకున్న చారిత్రక ప్రేమకథల్లో నన్ను విసిగించేది ఈ ముగింపే. కథ గుంటూరులో జరిగితే మరీ ఒప్పుకోలేను. ఇక్కడ విశ్వాసం విప్పిన చిక్కుల కంటే వేసిన కొత్త ముళ్లే ఎక్కువ.

1855 నాటికి బెజవాడ దగ్గర కృష్ణకు ఆనకట్ట పూర్తయింది. కాలువ నీళ్లు పారిన ఊళ్లలో రైతులు మోతుబరులయ్యారు. ఆ పొలాల్లో చాకిరీ చేసిన మాల, మాదిగ కుటుంబాలు అక్కడే ఉండిపోయాయి. అంతకుముందే, 1842లో, లూథరన్ మిషనరీ హయ్యర్ గుంటూరుకు వచ్చాడు. మిషన్ బడులు వెలిశాయి, పాలేరు కొడుకు చేతికి పలక వచ్చింది. మోతుబరి కూతురికి అతను ఉత్తరం రాయగలిగాడంటే ఆ బడి చలవే. మతం కథలోకి రావలసింది ఈ దారిన.

ఇక పెళ్లి. కథ 1910లో జరుగుతోందనుకుందాం. ఇద్దరూ హిందువులే అయితే కులాంతర వివాహం చెల్లదని కోర్టులో వాదించవచ్చు. ఆ సందేహాన్ని తీర్చే చట్టం 1949లో గానీ రాలేదు. 1872 నాటి ప్రత్యేక వివాహ చట్టం కింద రిజిస్ట్రారు దగ్గరకు వెళ్తే, తాము హిందువులమూ క్రైస్తవులమూ కామని ఇద్దరూ ప్రకటించాలి. హిందువులకు ఆ షరతు 1923 సవరణతో తప్పింది. రోజూ దీపం పెట్టే నాయిక ప్రేమ కోసం ఆ కాగితం మీద సంతకం చేయాలి! ఇంతకంటే పదునైన ఘట్టం ఏ రచయిత కల్పించగలడు? అబ్బాయి క్రైస్తవుడైతే 1872లోనే వచ్చిన క్రైస్తవ వివాహ చట్టం దారి ఇస్తుంది. కానీ అమ్మాయికి 21 ఏళ్లు నిండకపోతే తండ్రి అనుమతి తప్పనిసరి. (మతం మారితే ఆస్తి పోతుందని నాయకుడు వణికే సన్నివేశాలు కూడా చదువుతుంటాం. మతం మారినంత మాత్రాన వారసత్వ హక్కు పోదని 1850లోనే చట్టం వచ్చింది.)

ఇద్దరూ క్రైస్తవులే అయితే? ఫిరంగిపురం ప్రాంతంలో 18వ శతాబ్దం నుంచీ రెడ్డి క్యాథలిక్కులున్నారు. జపమాల పట్టుకున్నారు గానీ సంబంధాలు కలుపుకునేటప్పుడు కులాన్ని వదల్లేదు. ఆ ఇంటి అమ్మాయికీ గుంటూరులో చదువుకున్న మాల కుర్రాడికీ సిలువ ఒక్కటే. పెళ్లి మాట మాత్రం ఎత్తకూడదు.

మన నవలలు తాళితో ఆగిపోతాయి, పిల్లల దాకా వెళ్లవు. 1895లో వినుకొండలో పుట్టిన గుర్రం జాషువా తండ్రి యాదవుడు, తల్లి మాదిగ. అంటరానివాడని అగ్రవర్ణాల వారు అవమానించారు, హిందూ ఇతివృత్తాలపై కావ్యాలు రాస్తున్నాడని క్రైస్తవులు దూరం పెట్టారు. ఒక పెళ్లి కథ అసలు మొదలయ్యేది ఇక్కడ కాదా?

విజయవాడ నాస్తికుడు గోరా 1948లో సేవాగ్రాంలో తన కూతురికి దళిత యువకుడితో, దేవుడి ప్రమేయం లేకుండా పెళ్లి జరిపించారు. దేవుణ్ణి నమ్మని ఇంట్లో జరిగింది తన ఇంట్లో ఎందుకు జరగదని భక్తురాలైన నాయిక ఆ దేవుణ్ణే నిలదీసే పేజీ ఇంతవరకు నాకు కనబడలేదు.