చెరిపేసిన 56

మా ఇంట్లో ఒక నేరం జరిగింది. నిందితురాలికి ఎనిమిదేళ్లు, మూడో తరగతి. పరీక్షలో 7×8 ఎంతంటే 54 అని రాసింది. పేపరు ట్యూబ్‌లైటుకు ఎత్తి పట్టి చూస్తే రబ్బరు నలుపు కింద 56 మసగ్గా కనిపించింది. ముందు ఒప్పు రాసి, బాగా ఆలోచించి, తప్పు చేసింది.

ఇదే పిల్ల మొన్న కర్నూలు రైతుబజారులో కిలో 28 చొప్పున మూడున్నర కిలోల ఎర్రగడ్డలు తూచేలోపే "98 నాయనా" అంది. బళ్లో మాత్రం యావరేజ్. అదేమన్నా తేలికా? తగ్గితే ట్యూషన్‌లో వేస్తారు, పెరిగితే అందరి కళ్లూ పడతాయి. ఏటా, ప్రతి పరీక్షలో, 20కి సరిగ్గా 14 తెచ్చుకోవాలంటే 20 ప్రశ్నలకూ జవాబులు తెలిసుండాలి.

విచారణ జరిపాను. జూన్‌లో పది లెక్కలు అందరికంటే ముందు చేసిందట. బహుమానంగా ఇంకో పది ఇచ్చారట. అవీ అయితే పక్క బెంచీకి నేర్పమన్నారు. ఇంటర్వెల్‌లో "కంప్యూటరమ్మ" అనే బిరుదు. ఇక రెండో ముద్దాయిని నేనే. ఓ పెళ్లిలో, ఓళిగ తింటున్న పిల్లను నిలబెట్టి చుట్టాల ముందు పంతొమ్మిదో ఎక్కం చెప్పించాను. "యాల సతాయిస్తావు బిడ్డని, తిననీ" అని వాళ్ల జేజి మొత్తుకుంటున్నా వినలేదు.

ఇలాంటి పిల్లలకు సిలబస్‌ను మించిన పని ఇచ్చి ప్రోత్సహించాలని 2020 జాతీయ విద్యా విధానంలో ఉంది. ఆ ధైర్యంతో టీచరమ్మను విడిగా కలిసి, "పది లెక్కలొద్దు మేడమ్, బుర్రకు పని చెప్పేది ఒక్కటివ్వండి. చప్పట్లు కొట్టించకండి" అన్నాను. "సిలబస్ ఎప్పుడవ్వాల సార్?" అన్నారామె. నలభై మందితో ఒక్కరే. ఆమెను మాత్రం ఏమనగలం?

మన బెలుం గుహలే చూడండి. పైన చదును పొలం, కింద 3,229 మీటర్ల గుహ. 1884లో రాబర్ట్ బ్రూస్ ఫుట్ దొర వాటి గురించి రాశాడు. జనం టికెట్టు కొని లోపలికి దిగింది 2002లో. ఆ వేగంతో మా పిల్ల లోపలికి బడి దిగేసరికి దానికి 124 ఏళ్లొస్తాయని పెన్సిలుతో రాసుకుని పడుకున్నాను.

పొద్దున చూస్తే కాగితం మీద రబ్బరు పొట్టు. 124 ఉన్న చోట 126.

ఎవరు దిద్దారని నేనడగలేదు. ఆ పక్కనే ఇంకో లెక్క రాసి పెట్టాను, కొంచెం కష్టమైనది.