సరళరేఖ గారికి, కాంగో ఒడ్డు నుంచి

రెండు ఊళ్ల పేర్లు కొట్టగానే కంప్యూటర్ తెర మీద సర్రున ప్రత్యక్షమయ్యే సరళరేఖ గారికి నమస్కారాలు.

మొన్న కాంగో నదికి ఇటున్న కిన్షాసా నుంచి అటున్న బ్రాజవిల్‌కు విమానంలో ఎంతసేపని మిమ్మల్ని అడిగాను. ఎయిర్‌పోర్టు నుంచి ఎయిర్‌పోర్టుకు దాదాపు 26 కిలోమీటర్లు, గంటకు 800 చొప్పున రెండు నిమిషాలు అన్నారు. సంతోషం. సీటుబెల్టు రెండో కొస వెతుక్కునేలోపే దేశం మారిపోతుందన్నమాట.

అయ్యా, నేనుండే వీధి నుంచి ఎన్‌జిలీ ఎయిర్‌పోర్టే 20 కిలోమీటర్లు దాటుతుంది. లుముంబా బులెవార్డ్‌లో ట్రాఫిక్ ఇరుక్కుందా, డ్రైవర్ ఇంజన్ ఆపేసి పక్క బండివాడితో ఇక్కడి లింగాలా భాషలో ఇంటి సంగతులు మొదలెడతాడు. అదే నది ఒడ్డున నిలబడితే బ్రాజవిల్ మేడలు ఎదురుగా కనిపిస్తాయి. మధ్యలో మూడు నాలుగు కిలోమీటర్ల నీళ్లు, వాటి మీద తేలుతూ పోయే గుర్రపుడెక్క. మా ఊరి చెరువే గుర్తొస్తుంది. రెండు కాంగో దేశాల రాజధానులు, అటూ ఇటూ అదే ఫ్రెంచి, అదే లింగాలా. పక్క దేశం కంటే సొంత ఎయిర్‌పోర్టు దూరమైన ఊరు ఇదే కాబోలు.

వంతెన లేదు. 2018లో ఒప్పందమైతే కుదిరింది, ఎగువన నది సన్నబడే చోట 1,575 మీటర్ల పొడవని లెక్క కూడా చెప్పారు. నేను మాత్రం దాన్నింకా కాగితం మీదే చూస్తున్నాను, అచ్చం మిమ్మల్ని చూసినట్టే.

కాబట్టి ఫెర్రీయే గతి. ఇక్కడి రేవును బీచ్ అంటారు. విశాఖలోలా మురీమిక్చరు, గుర్రపు స్వారీ ఉంటాయనుకునేరు. ఉండేవి స్టాంపులు. పాస్‌పోర్టు ఒకచోట, ఎల్లో ఫీవర్ టీకా కార్డు ఇంకోచోట, మూటలు మరోచోట. ఒకాయన నా కార్డును ఎండకెత్తి, దొంగనోటును చూసినట్టు అటూ ఇటూ తిప్పి చూశాడు. ఈ రేవు మర్మం బాగా తెలిసినవాళ్లు చేత్తో తిప్పే మూడు చక్రాల బండ్ల మీద వస్తారు. పోలియోతో కాళ్లు చచ్చుబడ్డ వ్యాపారులు. ఫెర్రీలో వికలాంగులకిచ్చిన రాయితీని పట్టుకుని, బండి కనబడకుండా సరుకు కట్టి, ఏళ్ల తరబడి ఈ నది మీద వ్యాపారం నడిపారు. దూరమంటే ఏమిటో వాళ్లనడగండి, భుజాలు చూపిస్తారు.

టాంజానియాలోని దారెస్సలాంలో మా పిన్ని కొడుకున్నాడు. మీ లెక్కన ఇక్కడి నుంచి 2,650 కిలోమీటర్లు, మూడు గంటల ఇరవై నిమిషాలు. నాకు దొరికిన టికెట్ ఇథియోపియాలోని అడిస్ అబాబా మీదుగా. ముందు ఈశాన్యానికి 3,000, అక్కడి నుంచి మళ్లీ కిందికి 1,750. ముక్కేదంటే తల చుట్టూ తిప్పి చూపించడమంటే ఇదే. ఆకాశాన్ని ఒకరికొకరు తెరుచుకుందామని ఆఫ్రికా దేశాలు 1999లో ఐవరీ కోస్ట్‌లోని యమూసుక్రోలో తీర్మానించాయి. 2018లో ఒకే విమాన మార్కెట్టంటూ మరోసారి కొబ్బరికాయ కొట్టాయి. మా తమ్ముడికి తెచ్చిన ఆవకాయ మాత్రం అడిస్‌లో రాత్రంతా నా ఒళ్లోనే కూర్చుంది.

మీ తప్పు లేదులెండి. మీకు వీసా అక్కర్లేదు, లగేజీ లేదు, ఆకలి లేదు.

రేపు పొద్దున్నే బ్రాజవిల్ వెళ్తున్నాను. ఓసారి మీరూ రండి. ఎల్లో ఫీవర్ కార్డు మర్చిపోవద్దు. రెండు నిమిషాల ప్రయాణమే కదా, మధ్యాహ్నం భోజనం మాత్రం కట్టించుకుని రండి.

ఇట్లు,
వంకర దారి ప్రయాణికుడు