వయ్యారిభామకి క్యారెట్ ఇంటిపేరు ఎవరు పెట్టారు?

పొద్దున్నే టెర్రస్ ఎక్కితే నా క్యారెట్ కుండీ బోడిగా ఉంది. మొక్కేమో వేరుతో సహా పిట్టగోడ పక్కన వాడిపోయి పడుంది. పీకింది పై ఫ్లోర్ అంకుల్. "అదేంటమ్మా, వయ్యారిభామని కుండీలో పెట్టి నీళ్లు పోస్తున్నావ్? పిల్లలకి ఆయాసం వస్తుంది" అన్నారు. ఆ కలుపు మొక్క గురించి ఆయన భయం నిజమే, కానీ పీకింది వేరే మొక్కని.

దసరా ముందు పటమట రైతు బజారులో కొన్న క్యారెట్లలో ఒకటి ఫ్రిజ్ అడుగున మర్చిపోయాను. నవంబరు చివర్లో చూస్తే తల మీద మొలక. కింద సగం సాంబారులో వేసి, పై సగం కుండీలో పాతాను. క్యారెట్ రెండేళ్ల మొక్క. మొదటి ఏడు ఆకులేసుకుని తిండంతా వేరులో దాచుకుంటుంది, చలికాలం దాటాక ఆ దాచుకున్నది ఖర్చుపెట్టి పూస్తుంది. మనం మధ్యలో దూరి ఆ దాపుడు సొమ్ము లాక్కుని హల్వా చేసుకుంటాం. కొన్ని వారాలు గట్టి చలి తగలందే చాలా రకాలు పూతకి రావు. బెజవాడలో అంత చలెక్కడిది? నా ఫ్రిజ్జే దానికి ఊటీ అయింది.

ఫిబ్రవరికి నడుమెత్తు కాడ లేచి, కొసన తెల్లటి గొడుగు విప్పింది. గొడుగు ఊచల చివర మళ్లీ బుల్లి గొడుగులు. ఇంటర్ బోటనీలో 'సంయుక్త గుచ్ఛం' అని బట్టీ పట్టాను గానీ, కళ్లారా చూడటం ఇదే మొదలు. కాయలు ముదిరేకొద్దీ ఆ గొడుగు లోపలికి ముడుచుకుని పిట్టగూడులా అవుతుంది. అది చూద్దామనే రోజూ మెట్లెక్కాను. ఈలోపే అంకుల్ ఎక్కారు.

తప్పంతా ఆయనదీ కాదు. వయ్యారిభామని 'క్యారెట్ గడ్డి' అని కూడా అంటారు. ఆకు చీలికల పోలిక తప్ప దానికీ దీనికీ ఏ చుట్టరికమూ లేదు. అది అమెరికా ఖండాల నుంచి వచ్చిన కలుపు, బంతి, పొద్దుతిరుగుడు కుటుంబానిది. పూలు తెల్ల బొత్తాల్లా ఉంటాయి, గొడుగు ఉండదు. తేడా తెలుసుకోవాలని దాన్ని నలిపి వాసన చూడకండి, దద్దుర్లొస్తాయి.

అసలు చుట్టాలు మన పోపుల డబ్బాలో ఉన్నారు. ధనియాలు, జీలకర్ర, వాము, సోంపు అన్నీ ఈ గొడుగుపూల ఇంటివే. ఇంగువ కూడా ఆ ఇంటి మొక్క వేరుకి గాటు పెడితే కారే పాలే. ధనియాన్ని గింజ అంటాం కానీ అది కాయ, నలిపితే రెండు బద్దలవుతుంది. క్యారెట్ 'విత్తనం' కూడా అలాంటి బద్దే. ఆ రోజు నా సాంబారులో క్యారెట్ సొంత బంధువుల మధ్యే ఉడికిందన్నమాట.

ఇక అడవి క్యారెట్. యూరప్‌లో రోడ్ల పక్కన కలుపులా పెరుగుతుంది. వేరు సన్నగా, తెల్లగా, పీచుగా ఉంటుంది, వాసన మాత్రం క్యారెట్టే. మనం తినేదీ అదే జాతి, డాకస్ కరోటా. అందుకే విత్తనాల పొలం దగ్గర అడవిది పూస్తే రైతుకి టెన్షన్. తేనెటీగలు ఆ పుప్పొడి మోసుకొస్తే మరుసటి పంటలో తెల్ల వేర్లు తేలతాయి. అలాగని గొడుగుపువ్వు కనిపించిన ప్రతి మొక్కా కూర కాదు. సోక్రటీస్‌కి తాగించిన విషపు మొక్క హెమ్లాక్‌దీ ఈ కుటుంబమే.

అంకుల్ గారూ, ఈ పోస్టు మీరూ చదువుతారని తెలుసు. వచ్చే దసరాకి ఇంకో రెండు క్యారెట్లు ఫ్రిజ్‌లో కావాలనే మర్చిపోతాను. ఈసారి కుండీ మీద పెద్దక్షరాలతో పేరు రాసి పెడతాను, దయచేసి చదివాకే చెయ్యి పెట్టండి.