అర కొడితే అక్షరం ముక్క పడింది

పొద్దున్నే నా డీటీపీ (కంప్యూటర్ టైపింగ్) షాపు తీశానో లేదో, ట్యూషన్ మాస్టారు అరవై ప్రశ్నపత్రాలు తెచ్చి నా ముందు పడేశారు. "ఏటి బాబూ ఇది? అరకి మూడో వంతు కలపమంటే, ఇదేం అచ్చరం మాస్టారూ అని గుంటలు నన్నడుగుతున్నారు!" చూస్తే 1/2 ఉండాల్సిన చోట ఏదో గుణింతం ముక్క. పక్కన 1/3 మాత్రం కొట్టింది కొట్టినట్టే ఉంది.

నేను 1/2 కొట్టగానే సాఫ్ట్‌వేర్ అడక్కుండా దాన్ని ½గా మార్చేసింది. 1/2, 1/4, 3/4 మాత్రమే మారుస్తుంది, 1/3ని ముట్టుకోదు. పాత డీటీపీ ఫాంట్లలో ఆ ½ గడిలో తెలుగు అక్షరం ముక్క పెట్టారు. ఫాంటు మార్చేసరికి అర కాస్తా ఎగిరిపోయింది. చూసుకోవద్దా అంటారా? పెళ్లికార్డుల సీజన్‌లో రాత్రి పదకొండింటికి కొట్టిన పేపరండీ అది!

సరే అని, ప్రతి అక్షరానికీ సొంత నంబరుండే యూనికోడ్ ఫాంటులో మళ్లీ కొట్టి, భిన్నాల ఆప్షన్ పేజీ మొత్తానికి పెట్టాను. ఈసారి పైన 14/3 అని వేసిన తేదీ కూడా భిన్నమైపోయింది! భిన్నానికని యూనికోడ్‌లో వేరే వాలుగీతే ఉంది. దాని పక్క అంకెలే చిన్నవవ్వాలి, తేదీ జోలికి పోకూడదు. కానీ ఆ గీత నా కీబోర్డులో ఎక్కడుంది?

నాకు కడుపు మండేది ఇంకోటుంది. తెలుగుకి సొంత భిన్నాలున్నాయి. పావుకి ఒక నిలువు గీత, అరకి రెండు, ముప్పావుకి మూడు. వీసానికైతే, అంటే పదహారో వంతుకి, అడ్డగీత. ఒడియా పావు కూడా నిలువు గీతే. మనవి 2008లో, వాళ్లవి 2010లో యూనికోడ్‌లో చేరాయి. మా తాత ధాన్యం లెక్కలన్నీ ఈ గీతల్లోనే ఉన్నాయి. ఆ పేజీ ఫోన్‌లో ఎక్కిద్దామంటే గీత ఉండాల్సిన చోట ఖాళీ డబ్బా వస్తోంది.

గిడుగు రామమూర్తి గారు పాఠాలు చెప్పిన పర్లాకిమిడి మాది. 1936 ఏప్రిల్ 1న మా ఊరు ఒడిశాలో కలిసింది, భాష మాతోనే ఉంది. ఇక్కడ తెలుగులో ఏదడిగినా "మీరెంతమంది?" అంటారు. హైదరాబాదు వాళ్లకి మేం ఒడిశా వాళ్లం, భువనేశ్వర్ వాళ్లకి ఆంధ్రోళ్లం. మా పిల్లల లెక్కల పేపరు ఎవరికి పట్టాలి?

సాయంత్రానికి ఇస్తానన్నాను, మాస్టారి దగ్గర పైసా తీసుకోను. పైన అంకె, మధ్యలో గీత, కింద అంకె, ఒక్కో భిన్నం చేత్తో పేర్చుకుంటూ కూర్చున్నాను. ఇంకా తొమ్మిదున్నాయి.