కొంటున్నది కంపెనీనా, పోటీనా?

2012లో ఫేస్‌బుక్ 100 కోట్ల డాలర్లకు ఇన్‌స్టాగ్రామ్ కొనుగోలును ప్రకటించినప్పుడు అందులో పనిచేస్తున్నది 13 మంది. ఆదాయం సున్నా. పైసా సంపాదన లేని కంపెనీకి అంత ధర ఏమిటని చాలామంది నోరు వెళ్లబెట్టారు. పోటీ పడటం కన్నా కొనేయడం మేలని జుకర్‌బర్గ్ 2008లోనే ఒక ఈమెయిల్‌లో రాసుకున్న సంగతి తర్వాత బయటపడింది.

పెద్ద చేప చిన్న చేపను మింగడం మామూలేగా అనవచ్చు. ఇక్కడ చాలాసార్లు చిన్న చేపే ఈదుకుంటూ నోటి దాకా వస్తుంది. మదుపు పెట్టినవారికి డబ్బు తిరిగి రావాలంటే షేర్ మార్కెట్‌కైనా వెళ్లాలి, కంపెనీనైనా అమ్మేయాలి. మొదటిది అందరి వల్లా అయ్యే పని కాదు. 2006లో గూగుల్ 165 కోట్ల డాలర్లు పెట్టి కొనకపోతే సర్వర్ల ఖర్చుకూ కాపీరైట్ గొడవలకూ యూట్యూబ్ ఎన్నాళ్లు తట్టుకునేదో! అందుకే ఈ కొనుగోళ్లన్నిటినీ ఒకే గాటన కట్టాలని మేం అనడం లేదు.

కానీ వండర్‌లిస్ట్ సంగతి చూడండి. చేయాల్సిన పనుల జాబితా రాసుకునే యాప్ అది, లక్షల మందికి అలవాటైంది. 2015లో మైక్రోసాఫ్ట్ కొంది. దాన్ని కట్టిన క్రిస్టియన్ రెబర్ 2019లో, మూసేయొద్దు, నాకే తిరిగి అమ్మండని బహిరంగంగా అడిగాడు. 2020 మేలో యాప్ మూతపడింది. వాడుకరులకు మిగిలింది, తమ జాబితాలను మైక్రోసాఫ్ట్ సొంత యాప్‌లోకి మార్చుకునే సౌకర్యం.

వాట్సాప్‌ది మరో తీరు. దాని టర్నోవర్ (ఏడాది అమ్మకాల రాబడి) చాలక, ఫేస్‌బుక్ దాన్ని కొన్న 2014 నాటి ఒప్పందం నేరుగా ఐరోపా సమాఖ్యలో విలీనాలను పరిశీలించే యూరోపియన్ కమిషన్ పరిధిలోకి రాలేదు, ఫేస్‌బుక్కే కోరితే కమిషన్ పరిశీలించింది. రెండు సర్వీసుల ఖాతాలను ఆటోమేటిక్‌గా నమ్మకంగా జతచేయడం సాధ్యం కాదని ఫేస్‌బుక్ అప్పుడు చెప్పింది. రెండేళ్లు తిరక్కముందే ఫోన్ నంబర్లను జోడించే వీలు తెరిచింది. తప్పుదోవ పట్టించినందుకు 2017లో 11 కోట్ల యూరోల జరిమానా పడింది. ఒప్పందం మాత్రం చెక్కుచెదరలేదు.

ఆలస్యంగా మేల్కొంటే ఏమవుతుందో ఇన్‌స్టాగ్రామే చెబుతోంది. 2012లో ఆ కొనుగోలుకు అడ్డు చెప్పని అమెరికా పోటీ నియంత్రణ సంస్థ ఫెడరల్ ట్రేడ్ కమిషనే 2020లో దాన్ని విడదీయాలంటూ కోర్టుకెక్కింది, 2025 నవంబర్‌లో ఓడిపోయింది. అప్పటికి టిక్‌టాక్ వచ్చి మార్కెట్ ముఖచిత్రమే మారిపోయింది. అందుకే ఒప్పందాన్ని ముందే పరిశీలించాలా వద్దా అని తేల్చేటప్పుడు టర్నోవర్‌నే కాక, చెల్లించే ధరనూ చూడాలని మేం కోరుతున్నాం. జర్మనీ, ఆస్ట్రియా 2017లోనే చట్టంలో ఆ మార్పు తెచ్చాయి.

ఇప్పుడేమో కంపెనీని కొనాల్సిన పని కూడా లేదు. 2024 మార్చిలో ఇన్‌ఫ్లెక్షన్ అనే ఏఐ స్టార్టప్ సహ వ్యవస్థాపకుడు ముస్తఫా సులేమాన్‌ను, సిబ్బందిలో ఎక్కువ మందిని మైక్రోసాఫ్ట్ ఉద్యోగాల్లోకి తీసుకుంది. కంపెనీ పేరు కంపెనీకే ఉంది, మనుషుల్లో ఎక్కువ మంది లేరు. బ్రిటన్ పోటీ నియంత్రణ సంస్థ దీన్ని విలీనంగానే లెక్కగట్టి పరిశీలించి, పోటీకి ముప్పు లేదని వదిలేసింది. వదిలేయడం సబబేనా అన్నది వేరే చర్చ. మిగతా నియంత్రణ సంస్థలు కనీసం ఆ పరిశీలన దాకానైనా రావాలి.